తేదీ లేని సంతకం

కృపానందం ఎర్ర ఫైలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, బూట్లు కూడా విప్పకుండా ఏసీ ముందు నిలబడ్డాడు. అతని ఆఫీసులో టైపిస్టు ఖాదర్ హుస్సేన్ సెలవు మీద కడప వెళ్ళి మూడు వారాలైంది. అప్పటినుంచీ ఊరి అవతల సజ్జా అనే చోట ఉన్న ఆ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉత్తరాలన్నీ బర్ దుబాయ్‌లో, బట్టల కొట్ల మీది మూడో అంతస్తు ఫ్లాటులో తయారవుతున్నాయి. టైపు చేసేది కృపానందం భార్య మరియకుమారి. ఖాదర్ తిరిగొచ్చేదాకా సాయం అన్నారు. సాయానికి జీతం ఏమిటన్న మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా.

సోమవారం నాటి ఫైలులో ఎక్కువ భాగం సెలవు ఉత్తరాలు, కొన్ని నో అబ్జెక్షన్ లెటర్లు. ఈ దేశంలో మనిషి ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలంటే అతణ్ణి తెప్పించుకున్నవాడు తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఫలానా పాస్‌పోర్టు నంబరు గల ఫలానావాడు ఫలానా పని చేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. ఇలాంటి మూడు వాక్యాలు ఆమె వేళ్ళకు కంఠతా వచ్చేశాయి. కాగితాన్ని రోలరులో తిప్పడం, కుడివైపు పైన 1984 అని మాత్రం కొట్టి ముందు జాగా వదలడం, అడుగున సంతకానికి మూడు వరుసలు వదలడం. కంపెనీ తరఫున సంతకం చేసేది కృపానందమే, తేదీ ముద్ర మర్నాడు ఆఫీసులో వేసుకుంటారు.

ఫైలు పూర్తయ్యాక ఆమె భర్తకు తన సంగతి చెప్పింది. కూతురు మూడో తరగతి చదివే బడిలో చరిత్ర చెప్పే టీచరు పురుటికి ఇండియా వెళ్తోంది, తిరిగి రాదు. ఆదివారం పిల్లను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు హెడ్‌మిస్ట్రెస్ లోపలికి పిలిచి, గుంటూరులో ఆమె ఏం చదివిందో అడిగి తెలుసుకొని, వచ్చి చేరమంది. ఇంకొకామె కూడా తయారుగా ఉంది కాబట్టి శనివారం పొద్దుటికల్లా భర్త ఇచ్చిన నో అబ్జెక్షన్ తేవాలి. మరియకుమారి అతని వీసా మీద వచ్చిన మనిషి కదా, అతని కాగితం లేనిదే ఎవరూ ఆమెను పనిలో పెట్టుకోరు. సంతకమూ తేదీ రెండూ అతని చేతిరాతతోనే ఉండాలని హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు చెప్పింది. వెనకటికి ఎవరో ఇల్లాలు తేదీ తానే వేసుకొచ్చి, తరవాత మొగుడు కాదన్నాడట.

కృపానందం అంతా శ్రద్ధగా విన్నాడు. అతను వినే మనిషే. అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అసలే కాదు. ఊళ్ళో వాళ్ళ నాన్న మందిరంలో సంఘపెద్ద. కృపానందం కాలేజీలో హేతువాదం పట్టుకొని ఆ మందిరం గడప తొక్కడం మానేశాడు. తనలో ఎక్కడా మూఢత్వం లేదని అతనికి గట్టి నమ్మకం.

"ఆలోచిద్దాం," అన్నాడు. "ఇలాంటివి ఆవేశంతో కాదు, హేతుబద్ధంగా చూడాలి."

ఆమెకు ఆవేశం ఏమీ లేదు. చేతిలో టైపు రిబ్బను డబ్బా ఉంది, దాని మూత పెడుతోంది.

మంగళవారం సాయంత్రం అతను నిజంగానే ఆలోచించాడు. తెల్లకాగితం తీసుకొని స్కేలు పెట్టి నిలువుగా ఒక గీత గీశాడు. ఎడమపక్క అనుకూలం, కుడిపక్క ప్రతికూలం అని రాసి, ఆమెను కూర్చోమని కుర్చీ లాగాడు. అనుకూలం కింద 'కాలక్షేపం' అని ఒక్కటి పడింది. ప్రతికూలం కింద వరసగా పడుతూ పోయాయి. ఎండలో రాకపోకలు, పిల్ల చదువు, ఇంటి పని, ఆమెకు అప్పుడప్పుడూ వచ్చే తలనొప్పి. పిల్ల చదివేది అదే బడిలో అని మరియకుమారి గుర్తు చేసింది. నిజమేనని ఒప్పుకొని పిల్ల చదువు మీద నీటుగా అడ్డగీత కొట్టి, దాని కింద 'నలుగురూ ఏమనుకుంటారు' అని రాశాడు.

"నలుగురూ ఏమనుకుంటారనేది హేతువా అండీ?"

"సామాజిక వాస్తవం. దాన్ని కాదనలేం."

"అయితే వద్దంటున్నారు."

"నేను వద్దన్నానా, కుమారీ? నిన్ను ఒప్పించడానికి ప్రయత్నిస్తున్నాను."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకొనేదాకా మాట్లాడుకుందాం. అంతేగానీ బలవంతం లేదు."

అతని గొంతులో అంత ఓర్పు ఉంది. ఆ ఓర్పుకే ఆమెకు ఊపిరి సలపలేదు. వద్దు అని కసిరితే ఎదురు చెప్పవచ్చు, ఏడవవచ్చు, అన్నం మానవచ్చు. ఈ మనిషి తలుపు మూయడు, తాళం వేయడు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చొని, రమ్మని పిలిచి చర్చిస్తాడు.

లేస్తూ అతను శుక్రవారం వ్యాసం ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఈసారి మతం మీద కాస్త ఘాటుగా ఉండాలన్నాడు.

ఇక్కడ వారం సెలవు శుక్రవారమే. ప్రతి శుక్రవారం పదింటికి ఆ ఫ్లాటులో గోష్ఠి జరుగుతుంది. ఎనిమిది మందికి తక్కువ కాకుండా తెలుగువాళ్ళు వస్తారు. పదిమంది గుమిగూడారని ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని కిటికీ పరదాలు లాగి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. కృపానందం వ్యాసం చదువుతాడు. మొదట్లో తానే రాసేవాడు. ఒకసారి ఆఫీసులో ఆడిటింగు వచ్చి తీరిక లేక ఆమెను రాయమన్నాడు. అది బాగుందని అందరూ అన్నారు. తరవాత అతనికి మళ్ళీ తీరిక చిక్కలేదు. ఇప్పుడు ముందుగా చదివి చూసుకోవడం కూడా మానేశాడు. ఆమె రాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి అందరి ముందూ మొదటిసారి చూసి చదివినా ఎక్కడా తడబడడు.

చర్చిలో తెలుగువాళ్ళ ఆరాధన కూడా శుక్రవారం పదింటికే. ఆమెను వెళ్ళవద్దని అతను ఒక్కనాడూ అనలేదు. "నీ విశ్వాసం నీ స్వేచ్ఛ," అంటాడు. ఆ మాట మీద ఆమె వెళ్దామనుకొనేది, కానీ పదకొండింటికి ఎనిమిది కప్పుల టీ ఉండాలి. మరియకుమారి ఆరాధనకు వెళ్ళి ఏడు నెలలైంది.

బుధవారం పిల్లను బడికి పంపి ఆమె కాలేజీ నోట్సు బయటికి తీసింది. వంకాయరంగు సిరాతో రాసుకున్న యూరపు చరిత్ర. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో అక్కడివాళ్ళు రాజునీ గుడినీ నిలదీసి, ప్రతిదాన్నీ బుద్ధి ముందుకు తెచ్చి రుజువు అడిగిన కాలం. కాలేజీలో ఆ పాఠం విన్నప్పుడు ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు చదువుతుంటే అప్పుడు కళ్ళబడనివి కళ్ళబడ్డాయి. మత సహనం గురించి గొప్పగా రాసినవాళ్ళలోనే బానిసల ఓడల మీద లాభం తిన్నవాళ్ళు ఉన్నారు. ఆ పండితులు వారం వారం చేరింది ఆడవాళ్ళు నడిపిన ఇళ్ళలో. ఎవరిని పిలవాలో, ఎవరి మాట తరవాత ఎవరు మాట్లాడాలో చూసుకున్నది ఆ ఇల్లాళ్ళు. పేరు మాత్రం మాట్లాడినవాళ్ళకు మిగిలింది. కొందరు కలిసి లోకంలోని విద్యలన్నీ సంపుటాలుగా అచ్చువేస్తే, అందులో వడ్రంగి బాడిసె, నేతగాడి మగ్గం కూడా బొమ్మలు గీయించి పెట్టారు. అది ఆమెకు నచ్చింది. అలాంటి పెద్ద పుస్తకాల్లో బాడిసెకు చోటు దొరకడం చిన్న సంగతి కాదనుకుంది.

మధ్యాహ్నం దాకా రాసి, ఆ తరవాత ఎర్ర ఫైలు ముందుకు లాక్కుంది. పన్నెండు ఉత్తరాలు. ఆరు పూర్తయ్యాక కొత్త కాగితం ఎక్కించి, ఆగి, తన పేరు కొట్టడం మొదలుపెట్టింది. నా భార్య మరియకుమారి, పాస్‌పోర్టు నంబరు ఇది, ఫలానా పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయడానికి నాకు అభ్యంతరం లేదు. దాన్ని ఏడోదిగా పెట్టింది. అడుగున దాచలేదు. చదివితే చదువుతాడు, చదివితే వద్దంటాడు, కనీసం ఆ వద్దు అనే మాట అతని నోటి నుంచి వస్తుంది అనుకుంది.

సాయంత్రం అతను రేడియోలో వార్తలు పెట్టుకొని పెన్ను తీశాడు. వాళ్ళిద్దరికీ ఇది అలవాటైన పని. ఆమె ఎడమచేత్తో కాగితం మూల ఎత్తుతుంది, అతను అడుగున సంతకం చేస్తాడు, ఆమె తిరగేస్తుంది. ఒకటి, రెండు, మూడు. లెబనానులో ఏదో కాల్పుల విరమణ. నాలుగు, ఐదు. "అక్కడ మతం చేసే పని చూడు," అన్నాడు ఆరోదాని మీద సంతకం చేస్తూ. ఏడోది. ఆమె చెయ్యి కాగితం మూల మీద అవసరమైనదాని కంటే కాసేపు ఎక్కువే ఆగింది. అతని పెన్ను వచ్చి, తన పొడుగు గీతతో పేరు చుట్టి, పైకి లేచి, ఎనిమిదోదాని కోసం గాలిలో ఎదురుచూసింది.

"తిప్పు," అన్నాడు.

తిప్పింది. వార్తలు ఇంకా అయిపోలేదు.

సంతోషం వస్తుందేమోనని ఆమె వంటింట్లోకి వెళ్ళి నిలబడి చూసుకుంది. రాలేదు. బదులుగా కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచిద్దామని, స్కేలు పెట్టి గీత గీసి ఆపిన పని, తిరగేస్తున్న కాగితాల మధ్య అర నిమిషంలో అయిపోయింది. పైన కుడివైపు తేదీ జాగా ఖాళీగా ఉంది. అతని అంకెలు ఆమెకు వచ్చు, ఏడుకు మధ్యలో అడ్డగీత వేస్తాడు. వేసేసి శనివారం హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టవచ్చు. ఆమె తన ఉత్తరాన్నీ, రాజలింగం అనే వడ్రంగి సెలవు ఉత్తరాన్నీ ఫైలు నుంచి తీసి ఒకే క్లిప్పు పెట్టి అలమరలో ఉంచింది. రాజలింగం శుక్రవారం స్వయంగా వచ్చి తీసుకుంటాడు, ముద్ర తరవాత ఆఫీసులో తానే వేయించుకుంటాడు.

గురువారం ఒంటిపూట ఆఫీసు. అతను వచ్చి పడుకున్నాక ఆమె వ్యాసానికి చివరి పేరా రాసింది. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాసింది. ఇంత సూటిగా రాస్తే గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడని భయపడింది. గుర్తుపట్టాలనే రాసింది.

శుక్రవారం అందరూ చెప్పులు విడిచి పరదాల చీకట్లో చాపల మీద కూర్చున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ వెంకట్రావు ఎప్పటిలాగే అందరికంటే ముందు వచ్చి గోడకు ఆనుకొనే చోటు పట్టాడు. మరియకుమారిని చెల్లెమ్మా అని పిలుస్తాడు, టీలో పంచదార తగ్గిందని ప్రతివారం చెబుతాడు. రాజలింగం గుమ్మం దగ్గర కూర్చున్నాడు. కరీంనగర్ వైపు మనిషి, కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగు వడ్రంగి. గోష్ఠి కోసం కాదు, ఉత్తరాల కోసం వస్తాడు, వచ్చినవాడు ఎలాగూ వింటాడు.

కృపానందం గొంతు మంచిది. బాడిసె, మగ్గం సంగతి వచ్చినప్పుడు రాజలింగం తల ఎత్తాడు. ఇల్లాళ్ళ సంగతి వచ్చినప్పుడు వెంకట్రావు, "మన చెల్లెమ్మ లాగా అన్నమాట," అని నవ్వించాడు. కృపానందం కూడా నవ్వి చివరి పేరాకు వచ్చాడు. వంటింటి గుమ్మంలో ఆమె చేతిలో గిన్నె పట్టుకొని నిలబడింది.

"ఎదిగిన మనిషి తరఫున ఇంకొకరు ఆలోచించడం దగ్గరే బానిసతనం మొదలవుతుంది. ఆ ఇంకొకరు దుర్మార్గుడైతే కొంత నయం, ఎదిరించవచ్చు. మంచివాడైతే ఎదిరించడానికి మనసొప్పదు. ఆ మంచితనమే గోడ అవుతుంది. కాబట్టి స్వేచ్ఛ గురించి మాట్లాడేవాడు ముందు తన ఇంట్లో ఎవరెవరి తరఫున తాను ఆలోచిస్తున్నాడో లెక్కవేసుకోవాలి. చదవకుండా నమ్మవద్దని లోకానికి చెప్పేవాడు తాను చదవకుండా దేని మీదా చెయ్యి పెట్టకూడదు."

గోడ అన్న మాట దగ్గర అతని గొంతు చిన్నగా వణికింది కూడా. చదవడం ముగించి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందరూ చిన్నగా చప్పట్లు కొట్టారు. వెంకట్రావు ఆ పేరా మళ్ళీ చదివించుకున్నాడు. కృపానందం మళ్ళీ చదివాడు, ఈసారి ఇంకా బాగా చదివాడు. మాటలు అతని నోట్లోంచి వెళ్ళి అందరినీ తాకి ఆమె దాకా వచ్చాయి, అతణ్ణి మాత్రం తాకలేదు. మరియకుమారి గిన్నె పొయ్యి మీద పెట్టి పాలు పోసింది. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా చూస్తూ ఉండిపోయింది.

టీలు అందాక రాజలింగం తన కాగితం అడిగాడు. ఆమె క్లిప్పుతో సహా తెచ్చి ఇచ్చింది. అతను తీసుకోలేదు.

"ఏం రాసిన్రో ఒకపారి సదివి ఇనిపియ్యున్రి, అమ్మా."

అది అతని పద్ధతి. తను ఇంగ్లీషు చదవలేడు. అయినా చదివించుకోని కాగితం చేత్తో ముట్టుకోడు. బొంబాయిలో ఏజెంటు చూపించినచోట వేలుముద్ర వేస్తే, ఇక్కడికి వచ్చాక అందులో వడ్రంగి బదులు హెల్పరు అని ఉందని తేలింది. ఆ హెల్పరు పని రెండేళ్ళు చేశాడు. అప్పటినుంచి ఇక్కడ ముదీర్ అని పిలిచే పెద్ద మేనేజరు ఇచ్చినా, ముఖ్యమంత్రి ఇచ్చినా చదివించుకుంటాడు. పనివాళ్ళు ఉండే క్యాంపులో అతన్ని వకీలుసాబు అని ఎగతాళి చేస్తారు.

ఆమె ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. అతను సెలవు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తిరిగి రావలసిన తేదీ రెండోసారి చెప్పించుకున్నాడు. అప్పుడు కాగితం తీసుకొని, దాని కింద ఉన్నదాన్ని చూశాడు.

"గిది గూడ నాదేనా?"

"కాదు. నాది."

"సార్ దస్కతున్నది గద?"

"ఉంది."

"గట్లయితె గది గూడ సదువున్రి. దస్కతైన కాయితం సదువకుంట ఇడువద్దు, అమ్మా. నా సంగతి ఎరికే గద మీకు."

అతను మంచికే అన్నాడు. గదిలో అందరూ వినేటట్టే అన్నాడు. మరియకుమారి భర్త వైపు చూడలేదు. రాజలింగానికి చదివినట్టే, ఒక వాక్యం ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో, నిదానంగా చదివింది. ఉపాధ్యాయినిగా పనిచేయడానికి నాకు అభ్యంతరం లేదు. కృపానందం, అని అడుగున ఉన్న పేరు కూడా చదివింది.

కృపానందం చేతిలోని కప్పు సాసరుకూ నోటికీ మధ్య ఆగింది.

వెంకట్రావు తొడ చరిచాడు. "మాటా చేతా ఒకటే అంటే ఇదండీ! చదివిన పేరా మధ్యాహ్నానికి మర్చిపోయేవాళ్ళం మనం. ఈయన ముందే సంతకం పెట్టి ఆ తరవాత చదివాడు."

అంతా కృపానందం వైపు తిరిగారు. అతని ముఖం మీదికి నవ్వు రావడానికి కొంచెం సమయం పట్టింది. వచ్చాక మాత్రం నిలిచింది.

"ఏదైనా ఇంట్లోంచే మొదలవ్వాలి కదండీ," అన్నాడు.

మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆమె ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకొని లోపలికి వెళ్ళింది. పంపు తిప్పి ఎనిమిది కప్పులూ కడిగింది. అందరూ ఆ మనిషినే మెచ్చుకున్నారు. ఉద్యోగం ఆమెది, వ్యాసం ఆమెది, కాగితం టైపు చేసింది ఆమె. రాజలింగం వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వడ్రంగి బొమ్మలున్న ఆ బుక్కు ఎక్కడన్నా దొరుకుతదా అని అడిగాడు. ఒక్క అతనే ఆమెను అడిగాడు.

ఆ రోజంతా కృపానందం ఆ మాట ఎత్తలేదు. శనివారం పొద్దున కంపెనీ వ్యాను రావడానికి ఇరవై నిమిషాలు ఉందనగా, ఇడ్లీ తుంచుతూ అడిగాడు.

"దాని మీద నేనెప్పుడు సంతకం పెట్టాను?"

"బుధవారం. ఎర్ర ఫైలులో ఏడోది."

"నాకు చెప్పకుండా పెట్టించావు."

"సోమవారం చెప్పాను, మంగళవారం చెప్పాను. బుధవారం మీ ముందే పెట్టాను. అందులో నా పేరు ఉంది, బడి పేరు ఉంది."

"నిన్ను నమ్మి పెట్టాను, కుమారీ."

"చదవకుండా నమ్మడం గురించి నిన్న రెండుసార్లు చదివారు కదండీ."

అతను ఇడ్లీ ముక్క ప్లేటులో వదిలేశాడు. ఆమె కాగితం తెచ్చి అతని ముందు పరిచింది. పక్కన పెన్ను పెట్టింది.

"తేదీ మీ చేతిరాతతో ఉండాలి. నాకు వేయడం వచ్చు, వేయలేదు. చదివి వేయండి. వద్దనుకుంటే చించేయండి. రెండో కాపీ లేదు."

చించేస్తే అంతే, ఇంకొకామె తయారుగా ఉంది. కృపానందం చెయ్యి కడుక్కొని వచ్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ, వేలు కింద పెట్టి, మొదటి అక్షరం నుంచి చదివాడు. పదేళ్ళ సంసారంలో ఆమె టైపు చేసిందిగానీ రాసిందిగానీ అతను అలా చదవడం ఆమె చూడలేదు. అడుగుదాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చాడు. నా భార్య అన్న చోట వేలు కాసేపు ఆగింది. కింద వ్యాను హారను కొట్టింది.

"హేతుబద్ధంగా చూస్తే," అని మొదలుపెట్టి, ఆగిపోయాడు. వెంకట్రావు ముందు ఏమని చెప్పుకోవాలో ఆలోచిస్తున్నాడో, వేరే ఏదో ఆలోచిస్తున్నాడో ఆమెకు తెలియలేదు. పెన్ను తీసి 1984 ముందు తేదీ వేశాడు. ఏడుకు మధ్యలో అడ్డగీత పడింది.

ఆమె సిరా ఆరేదాకా పట్టుకొని, కాగితాన్ని వంకాయరంగు నోట్సులో పెట్టుకుంది. అతను బూట్లు వేసుకుంటూ, మామూలు గొంతుతో, వచ్చేవారం దేని మీద రాస్తున్నావని అడిగాడు.

"మీరే రాసుకోండి. శుక్రవారం నేను ఆరాధనకు వెళ్తున్నాను."

"పదింటికా?" అతను లేసు ముడి మధ్యలో తలెత్తాడు. "మరి టీ ఎవరు పెడతారు?"

మరియకుమారి మంగళవారం నుంచి డ్రాయరులో ఉన్న స్కేలు తీసి, ఒక తెల్లకాగితంతో కలిపి అతని చేతిలో పెట్టింది.

"గీత గీసి రాసుకోండి," అంది. "రెండు వైపులా."